ఇంటి వర్క్‌షాప్‌లో చిన్న కాంపోజిట్ విమానం నిర్మించడం: ఖాళీ బల్ల నుంచి తూకం దాకా

ఒకరిద్దరు కూర్చునే కాంపోజిట్ (గాజు పోగులు, రెసిన్ కలిసిన పదార్థం) విమానాన్ని ఇంట్లో ఎలా కట్టాలని అడిగే పాఠకులు సాధారణంగా ఏ డిజైన్ మంచిది, ఏ ఇంజిన్ మంచిది అన్న ప్రశ్నలతో మొదలుపెడతారు. వాటికంటే ముందు గ్రహించవలసిన సంగతి ఒకటుంది. అల్యూమినియం విమానం కట్టేవారికి రేకు బలం ఫ్యాక్టరీలోనే పరీక్షకు నిలిచి చేతికొస్తుంది. కాంపోజిట్ విమానం కట్టేవారు ఆ పదార్థాన్నే తమ బల్ల మీద, తమ చేతులతో, ప్రతి పూటా కొత్తగా తయారు చేసుకుంటారు. రెక్క బలం ఎంతన్నది ఆ సాయంత్రం మీరు తూచిన, రెసిన్‌ను గట్టిపరిచే హార్డెనర్‌లో, పరిచిన పోగుల దిశలో తేలిపోతుంది.

ఇక్కడ వివరించేది అచ్చులు అవసరం లేని పద్ధతి. ఫోమ్‌ను కావలసిన ఆకారానికి కోసి, దాని మీదే గ్లాస్ క్లాత్ (గాజు పోగుల గుడ్డ) పరిచి, ఎపాక్సీ రెసిన్‌తో తడిపి గట్టిపడనిస్తారు. ఇలా పరిచి తడపడాన్నే లేఅప్ అంటారు. లాంగ్-ఈజీ, కోజీ వంటి డిజైన్లు ఈ పద్ధతిలోనివే. సిద్ధమైన భాగాలతో కిట్ కొన్నవారికి ఫోమ్ కోత అవసరపడకపోవచ్చు కానీ అతుకులు, తనిఖీ, తూకం గురించిన భాగాలు వారికీ వర్తిస్తాయి.

## 1. ఏదీ కొనక ముందు

మొదట మీ దేశపు పౌర విమానయాన సంస్థ నిబంధనలు చదవండి. సొంతంగా కట్టుకున్న విమానానికి అనుమతి ఏ వర్గం కింద ఇస్తారు, ఏ దశల్లో ఇన్‌స్పెక్టర్ చూడాలి, ఏ రికార్డులు అడుగుతారు అన్నవి ముందే తెలియాలి. రెక్క మూసేశాక లోపలి స్పార్‌ను (రెక్క పొడవునా బరువు మోసే దూలాన్ని) ఎవరూ చూడలేరు. మూయక ముందు తనిఖీ జరగలేదంటే ఆ రెక్కకు అనుమతి రాకపోవచ్చు.

రెండోది డ్రాయింగులు. పూర్తి సెట్టును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కనీసం రెండుసార్లు చదవండి. ఇరవయ్యో అధ్యాయంలో బిగించే బ్రాకెట్ కోసం ఐదో అధ్యాయంలోనే ఫోమ్‌లో గాడి తీయవలసి ఉండవచ్చు. డిజైనర్ విడుదల చేసిన సవరణలన్నీ తెచ్చుకుని, ఆయా పేజీల మీద ఎర్రసిరాతో రాసుకోండి.

మూడోది సమయం. డ్రాయింగుల నుంచి కట్టే విమానానికి వేల గంటలు పడతాయి. వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో ఇంట్లోవారితో కూర్చుని నిజాయితీగా లెక్కవేసుకోండి. సగంలో ఆగిపోయే విమానాలు చాలావరకు ఆగేది ఈ లెక్క తప్పినందువల్లనే.

ముందస్తు చెక్‌లిస్ట్:

- అతిపెద్ద భాగం వర్క్‌షాప్ తలుపులోంచి బయటికి వస్తుందా? మలుపుతో సహా టేపుతో కొలిచి చూశారా?
- నిర్మాణ డైరీ ప్రారంభించారా? తేదీ, చేసిన పని, రెసిన్ బ్యాచ్ నంబరు, గది ఉష్ణోగ్రత, ఫోటోలు ప్రతిరోజూ అందులో చేరాలి.
- రెసిన్, క్లాత్, ఫోమ్ డిజైనర్ పేర్కొన్న రకాలేనా? పేరు దగ్గరగా ఉందని మరో రకం కొనకండి.

## 2. వర్క్‌షాప్ సిద్ధం చేయడం

స్థలం పెద్దదిగా ఉండటం కంటే దాని ఉష్ణోగ్రత నిలకడగా ఉండటం ముఖ్యం. గది వేడి 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే ఎపాక్సీ పలుచగా పారి, క్లాత్‌ను బాగా తడుపుతుంది. చలిలో రెసిన్ చిక్కబడి పోగుల్లోకి దిగదు. తడవలేదని ఇంకా పోస్తాం, బరువు పెరుగుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే గట్టిపడిన పొర మీద జిడ్డులాంటి పూత తేలుతుంది. అది తరువాతి అతుకును పట్టనివ్వదు.

లేఅప్ చేసిన వెంటనే గదిని వేడెక్కించకండి. ఫోమ్‌లోని గాలి వ్యాకోచించి, తడి క్లాత్ కింద బుడగలుగా పైకి తోసుకొస్తుంది. ముందుగానే గదిని, ఫోమ్‌ను, రెసిన్ డబ్బాలను కావలసిన వేడికి తెచ్చుకుని, ఆ తరువాత వేడి నిలకడగా ఉండేలా గానీ, కాస్త తగ్గేలా గానీ చూడాలి.

బల్ల రెక్క పొడవుకు సరిపోవాలి. దాని చదును మీదే విమానం నిటారుదనం ఆధారపడుతుంది కాబట్టి, రసమట్టంతోనూ ఒక చివరి నుంచి ఇంకో చివరికి బిగువుగా కట్టిన దారంతోనూ సరిచూసి, కాళ్లను నేలకు కదలకుండా బిగించండి. గ్లాస్ క్లాత్‌ను మడతపెట్టకుండా చుట్టగానే, ఉప్పుకాగితం దుమ్ము చేరని అలమరలో ఉంచండి. క్లాత్ కత్తిరించే బల్ల, ఫోమ్ సానపట్టే చోటు ఒకదానికొకటి దూరంగా ఉండాలి.

సిలికాన్ స్ప్రేలు, మైనపు పాలిష్‌లు ఈ గదిలోకి రానే కూడదు. వేలిముద్రంత సిలికాన్ అంటిన చోట అతుకు పట్టదు, పట్టలేదన్న సంగతి కంటికి కనబడదు.

## 3. చర్మం, ఊపిరితిత్తులు

ఎపాక్సీ హార్డెనర్ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ పుడుతుంది. అది ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, విమానం సగంలో వదిలేయవలసి వస్తుంది. నైట్రైల్ గ్లవ్స్ ఎప్పుడూ వేసుకోండి, చినిగిన వెంటనే మార్చండి. చేతికి అంటిన రెసిన్‌ను అసిటోన్‌తో కడగకండి. అది రెసిన్‌ను పలుచన చేసి చర్మంలోకి దింపుతుంది. గుడ్డతో తుడిచి, సబ్బు, నీళ్లతో కడుక్కోవాలి.

గట్టిపడిన గ్లాస్‌ను కోసేటప్పుడు, సానపట్టేటప్పుడు దుమ్ము మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి. యురేథేన్ ఫోమ్‌ను వేడి తీగతో ఎన్నడూ కోయకూడదు, దాని పొగ విషం. దాన్ని కత్తితో, రంపంతో మాత్రమే చెక్కాలి. పాలీస్టైరిన్‌ను వేడి తీగతో కోసేటప్పుడు కూడా గాలి ఆడుతూ ఉండాలి.

## 4. ఎపాక్సీ తూకం, కలపడం

రెసిన్‌కు, హార్డెనర్‌కు సాంద్రత వేరు కాబట్టి ఘనపరిమాణంలో నిష్పత్తి వేరు, తూకంలో నిష్పత్తి వేరు. తయారీదారు కాగితంలో రెండూ ఉంటాయి. ఒకదాన్ని చదివి ఇంకోలా కొలవడం కొత్తవారు తరచూ చేసే తప్పు. నేను ఎప్పుడూ గ్రాము దాకా చూపే డిజిటల్ కాటాతోనే తూస్తాను, తెలిసిన తూకపు రాయితో వారానికోసారి దాన్ని సరిచూస్తాను.

హార్డెనర్ కాస్త ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందన్న నమ్మకం పాలియెస్టర్ రెసిన్ వాడినవారి నుంచి వచ్చింది. ఎపాక్సీలో మిగిలిపోయిన హార్డెనర్ చర్యలో పాల్గొనక అలాగే ఉండిపోతుంది, ఆ భాగం శాశ్వతంగా మెత్తగా మిగులుతుంది. వేగం కావాలంటే అదే తయారీదారు ఇచ్చే త్వరిత హార్డెనర్ వాడాలి.

కలిపే క్రమం:

1. కప్పును కాటా మీద పెట్టి సున్నా చేయండి.
2. రెసిన్ పోసి అంకె రాసుకోండి, దానికి తగిన హార్డెనర్ లెక్కవేయండి.
3. హార్డెనర్ సన్నగా పోయండి. ఎక్కువ పడితే దానికి తగ్గ రెసిన్ కలపండి.
4. రెండు నిమిషాల పాటు, కప్పు గోడలను, అడుగును గీకుతూ కలపండి. గోడకు అంటి కలవకుండా మిగిలింది చివర్లో క్లాత్ మీద పడితే అక్కడ గట్టిపడదు.

ఒక్కసారి 150 నుంచి 200 గ్రాములకు మించి కలపకండి. మొదటి ఏడాది నేనొకసారి దాదాపు 400 గ్రాములు ఒకే కాగితపు కప్పులో కలిపి, క్లాత్ సర్దడానికి పక్కకు తిరిగాను. మళ్లీ కప్పు పట్టుకునేసరికి గ్లవ్‌లోంచి వేలు చురుక్కుమంది. కప్పు అంచున రెసిన్ తేనె రంగుకు తిరిగి, మధ్యలోంచి తెల్లటి పొగ సన్నగా లేస్తోంది. బయట నేల మీద పెట్టేలోపే గడ్డకట్టి పగిలింది. లోతైన కప్పులో వేడి బయటికి పోదు, ఆ వేడికి చర్య ఇంకా వేగమవుతుంది. కలిపిన రెసిన్‌ను వెడల్పు ట్రేలోకి గానీ, నేరుగా క్లాత్ మీదికి గానీ పోస్తే పని చేసుకునే సమయం పెరుగుతుంది.

## 5. మైక్రో, ఫ్లాక్స్: రెండింటి మధ్య తేడా

గాజు బుడగల పొడి కలిపిన ఎపాక్సీని మైక్రో అంటారు. అది తేలిక, బలహీనం. నూలు పీచు కలిపిన ఎపాక్సీ ఫ్లాక్స్. అది బరువు, బలం. ఖాళీలు పూడ్చడానికి మైక్రో, బరువు మోసే అతుకులకు ఫ్లాక్స్ వాడాలి.

మైక్రోలో మూడు చిక్కదనాలున్నాయి. ఘనపరిమాణంలో ఎపాక్సీకి సమానంగా పొడి కలిపితే పలుచని స్లర్రీ, రెండు నుంచి నాలుగు వంతులు కలిపితే జారుడుగా ఉండే తడి మైక్రో, ఐదు వంతుల దాకా కలిపితే కారకుండా నిలిచే పొడి మైక్రో అవుతుంది. స్లర్రీని లేఅప్‌కు ముందు ఫోమ్ రంధ్రాల్లో నింపుతారు, తడి మైక్రోతో ఫోమ్ ముక్కలను అతికిస్తారు, పొడి మైక్రోతో పై గుంటలు పూడుస్తారు.

రెండు గ్లాస్ పొరల మధ్యకు మైక్రో ఎన్నడూ వెళ్లకూడదు. పొర నుంచి పొరకు బలం అందేది ఎపాక్సీ ద్వారానే. మధ్యలో మైక్రో ఉంటే అక్కడే ఊడుతుంది.

## 6. విమానం కంటే ముందు ఒక పరీక్ష ముక్క

బల్ల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, 40 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పుకు కాస్త మించి ఆరు పొరల నేత క్లాత్ లేఅప్ చేయండి. గట్టిపడ్డాక సరిగ్గా ఆ కొలతకు కోసి తూచండి. చదరపు మీటరుకు 300 గ్రాముల క్లాత్ అయితే అందులో క్లాత్ బరువే 180 గ్రాములు. మొత్తం 280 నుంచి 300 గ్రాముల మధ్య ఉంటే చేతి లేఅప్‌గా మంచి పని. 330 దాటితే రెసిన్ ఎక్కువైంది. 265 కంటే తగ్గితే ఎండిన మచ్చలున్నాయేమో వెలుతురుకు పట్టి చూడండి.

ఈ ముక్క సరిగ్గా వచ్చేదాకా, రెండైనా, ఆరైనా చేయండి. నేను రెండు ముక్కలతో తృప్తిపడి రడ్డర్ (తోకలో కదిలే నిలువు పలక) మొదలుపెట్టాను. అది డ్రాయింగులో చెప్పినదానికంటే బాగా బరువొచ్చింది. తోక భాగంలో పెరిగిన బరువు గురుత్వ కేంద్రాన్ని వెనక్కి లాగుతుంది. దాన్ని పారేసి మళ్లీ కట్టాను. ఆ పని పరీక్ష ముక్క దగ్గరే ముగిసి ఉండవలసింది.

## 7. హాట్‌వైర్‌తో ఫోమ్ కోయడం

రెక్కలకు ఘనమీటరుకు దాదాపు 32 కిలోల పాలీస్టైరిన్ ఫోమ్ దిమ్మెలు వాడతారు. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగను చట్రంలో బిగువుగా కట్టి, వోల్టేజి మార్చుకోగల ట్రాన్స్‌ఫార్మర్‌తో వేడిచేస్తారు. దిమ్మెకు రెండు చివర్లా ప్లైవుడ్ టెంప్లేట్లు బిగించి, తీగను వాటి అంచు వెంట నడుపుతారు. టెంప్లేట్ అంచును అద్దంలా సానపట్టండి. చిన్న గంటు ఉన్నా తీగ అక్కడ ఆగి, రెక్క పొడవునా గీత పెడుతుంది.

రెండు టెంప్లేట్ల మీదా ఒకే అంకెలు వేయాలి. ఒక చివర ఉన్నవారు అంకెలు గట్టిగా చదువుతుంటే, అవతలివారు అదే క్షణానికి అదే అంకె దగ్గర ఉండాలి. మూల టెంప్లేట్ పెద్దది, కొన టెంప్లేట్ చిన్నది కాబట్టి ఇద్దరి చేతుల వేగం వేరు. అంకె మాత్రం ఒక్కటే. తీగ అంగుళం దూరాన్ని నాలుగు నుంచి ఆరు సెకన్లలో దాటేలా వేడి సరిచేసుకోండి.

మామూలు తప్పులు, వాటికి మందు:

- లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందు అంచు) దగ్గర గుంట: చివరలు మలుపు తిరిగినా తీగ మధ్యభాగం వెనకబడి అడ్డదారిన వెళుతుంది. తీగ బిగువు పెంచి, మలుపు దగ్గర మెల్లగా నడవాలి.
- కోత వెడల్పై, ఫోమ్ గరుకుగా కరగడం: తీగ మరీ వేడిగా ఉంది.
- అలలుగా వచ్చిన ఉపరితలం: తీగను నెట్టారు. తీగ తన దారి తాను కరిగించుకుంటూ పోవాలి.

చిన్న గుంటలను ఇప్పుడు పూడ్చకండి. గ్లాస్ పరిచాక పొడి మైక్రోతో సరిచేయవచ్చు. 2 మిల్లీమీటర్లకు మించి లోతుంటే ఆ దిమ్మె మళ్లీ కోయడమే మేలు.

పాలీస్టైరిన్‌ను పెట్రోలు, అసిటోన్, పాలియెస్టర్ రెసిన్ కరిగించేస్తాయి. కోసిన ఫోమ్ ఉన్న గదిలో ఈ మూడూ తెరవకండి.

## 8. లేఅప్: పని జరగవలసిన వరుస

రెక్క చర్మం, అంటే ఫోమ్ మీది గ్లాస్ పొరల లేఅప్ మొదలైతే మధ్యలో ఆగదు. ఇద్దరు ముగ్గురు మనుషులు, నాలుగైదు గంటలు, ఫోన్లు పక్క గదిలో. ఆ రోజు వీలవుతుందో లేదో అన్న అనుమానం ఉంటే మొదలుపెట్టకండి.

1. ఫోమ్‌ను బల్ల మీద జిగ్‌లో (కదలకుండా పట్టే చట్రంలో) కూర్చోబెట్టి, రసమట్టంతో మూల దగ్గర, కొన దగ్గర కోణం సరిచూడండి. మొదటి చర్మం తరువాత కూడా మెలిక కొంత సరిచేయవచ్చు. రెండో వైపు చర్మం గట్టిపడ్డాక ఆ మెలిక శాశ్వతం.
2. పదునైన అంచులను కనీసం 5 మిల్లీమీటర్ల గుండ్రానికి సానపట్టండి. గ్లాస్ పదును మీద వంగదు. లేచి కింద గాలి పడుతుంది.
3. క్లాత్ ముక్కలన్నీ ముందే కత్తిరించి, పొర నంబరు, దిశ రాసి, వాడే వరుసలో చుట్టిపెట్టండి. మెలికను అడ్డుకోవలసిన చర్మంలో నేత పోగులు 45 డిగ్రీల ఏటవాలున ఉండాలి. స్పార్ క్యాప్‌లో (స్పార్ పైన, కింద ఉండే పోగుల పట్టీలో) ఏకదిశ పోగులు రెక్క పొడవునా సూటిగా ఉండాలి. పోగు అలలా వంగితే, అది బిగిసేలోపే పక్కనున్న రెసిన్ పగులుతుంది.
4. ఫోమ్ మీద స్లర్రీ పోసి, స్క్వీజీతో (రెసిన్‌ను లాగే చదునైన పలకతో) లాగి, రంధ్రాలు నిండేంత మాత్రమే మిగల్చండి.
5. మొదటి పొర పరిచి, మధ్య నుంచి అంచులకు చేతులతో నిమరండి. రెసిన్ పోసి స్క్వీజీతో పరచండి. తడిసిన గ్లాస్ పారదర్శకమవుతుంది, తడవని చోటు తెల్లగా మిగులుతుంది. తెల్లమచ్చ కనబడిన చోట వెంటనే రెసిన్ పోయకుండా, పక్కన ఎక్కువైనదాన్ని స్క్వీజీతో అటు లాగండి.
6. మిగిలిన పొరలు అదే తీరున. ప్రతి పొర తరువాతా టార్చిలైటును ఉపరితలానికి సమాంతరంగా పట్టి చూస్తే, నిలిచిన రెసిన్ మెరుస్తుంది, గాలి బుడగ వెండిచుక్కలా తేలుతుంది.
7. తరువాత ఏదైనా అతికించవలసిన ప్రతిచోటా పీల్ ప్లై అనే పలుచని గుడ్డ వేసి తడపండి. గట్టిపడ్డాక దాన్ని లాగేస్తే గరుకైన, శుభ్రమైన ఉపరితలం మిగులుతుంది.
8. మూడు నాలుగు గంటలకు లేఅప్ తోలులా మారుతుంది. అంచుల్లో వేలాడే క్లాత్‌ను పదునైన బ్లేడుతో ఆ దశలోనే కోయండి. మరునాటికి అదే పని రంపంతో చేయవలసి వస్తుంది.

స్క్వీజీ ఎంత గట్టిగా నొక్కాలన్నది చేతికి అలవాటు కావాలి. సరైన ఒత్తిడిలో దాని ముందు సన్నటి రెసిన్ గీత నడుస్తుంది, వెనక నేత గళ్లు స్పష్టంగా, తడిగా, మెరుపు లేకుండా కనిపిస్తాయి. వెనక తెల్లటి గీతలు పడితే ఎక్కువ నొక్కి, రెసిన్‌ను పోగుల్లోంచి పిండేస్తున్నారు.

## 9. తనిఖీ, మరమ్మతు

గట్టిపడిన చర్మాన్ని నాణెంతో, ప్రతి రెండు సెంటీమీటర్లకు ఒకసారి తట్టుకుంటూ పోండి. గట్టి చోట టక్కుమన్న శబ్దం, ఊడిన చోట బోలుగా డబ్‌మన్న శబ్దం వస్తాయి. అనుమానం వచ్చిన చోటును పెన్సిలుతో చుట్టి, డైరీలో గీసుకోండి.

ఫోమ్‌కు, చర్మానికి మధ్య చిన్న బుడగ ఉంటే, రెండు సన్నటి రంధ్రాలు చేసి, ఒకదాంట్లోంచి సిరంజితో ఎపాక్సీ ఎక్కించి, రెండోదాంట్లోంచి బయటికి వచ్చేదాకా నింపుతారు. పెద్ద బుడగ, ఎండిన పొర, ముడత ఉంటే ఆ భాగం తీసేయాలి. చుట్టూ ఒక్కో పొరకు 25 మిల్లీమీటర్ల చొప్పున మెట్లుగా సానపట్టి, అదే దిశలో అన్ని పొరలనూ తిరిగి పరచాలి. స్పార్ క్యాప్‌లో ఏ లోపం కనిపించినా సొంత నిర్ణయం వద్దు, డిజైనర్‌ను అడగండి.

## 10. అతుకులు, లోహపు బిగింపులు

గట్టిపడిన గ్లాస్‌ను అతికించే ముందు దాన్ని మెరుపు పూర్తిగా పోయేదాకా సానపట్టాలి. జిడ్డు పూత ఉంటే ముందు నీళ్లతో కడిగి, ఆరాకే సానపట్టండి. లేకపోతే ఆ జిడ్డును లోపలికి రుద్దినట్టే. దుమ్ము పూర్తిగా తీసి, ఆ తరువాత వట్టి చేతితో తాకకండి. పీల్ ప్లై తీసిన చోట కూడా నేను ఓసారి తేలికగా సానపడతాను.

ఫోమ్ మీద లోహపు బోల్టు నేరుగా బిగించకూడదు, ఫోమ్ నలిగిపోతుంది. బోల్టు వచ్చే చోట ఫోమ్ తీసి, డ్రాయింగు చెప్పిన ప్లైవుడ్‌ను గానీ, అల్యూమినియంను గానీ ఫ్లాక్స్‌తో కూర్చోబెట్టాలి. రెండు పలకలు కలిసే మూల దగ్గర ఫోమ్ అంచును మూడుమూలలుగా తీసి ఫ్లాక్స్ నింపితే, లోపలి గ్లాస్, బయటి గ్లాస్ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కార్బన్ ఫైబర్ వాడిన చోట అల్యూమినియం దానికి నేరుగా తగిలితే తేమలో తినేయబడుతుంది. మధ్యలో ఒక గ్లాస్ పొర ఉండాలి.

రెక్కలను శరీరానికి కలిపేటప్పుడు ముక్కు నుంచి రెండు రెక్కల కొనలకూ దూరం టేపుతో కొలవండి. ఆ రెండూ సమానంగా వచ్చాక, తూకం గుండుతో నిలువు, రసమట్టంతో రెండు వైపులా రెక్క కోణం చూడండి. కుడి ఎడమల కోణం తేడా డ్రాయింగు పరిమితిలో లేకపోతే విమానం ఎప్పుడూ ఒక వైపుకే ఒరుగుతుంది.

## 11. ఇంధన ట్యాంకు లీకు పరీక్ష

ట్యాంకు లోపలి గోడలు ఇంధనానికి తట్టుకునే ఫోమ్‌తోనే ఉండాలి. మూయక ముందు లోపల ఎపాక్సీ పూత పూర్తిగా పట్టిందో లేదో, ప్లాస్టిక్ పొట్లు, ఫోమ్ పొడి మిగిలాయేమో చూడండి. పరీక్షకు కంప్రెసర్ వాడకండి. 0.07 బార్ పీడనం కూడా ఒక చదరపు మీటరు గోడను దాదాపు 700 కిలోల బరువంత తోస్తుంది. గొట్టానికి ఒక బెలూన్ కట్టి, కొద్దిగా ఊది, అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి బుడగలు చూస్తే చాలు.

## 12. పై పూత, బ్యాలెన్సు, తూకం

ఉపరితలం సమం చేయడానికి పొడి మైక్రో పట్టించి, పొడవాటి చెక్కకు ఉప్పుకాగితం అంటించి సానపట్టండి. మైక్రో దుమ్ము తెల్లగా రాలుతుంది. కాగితం కింద నేత గళ్లు తేలగానే అక్కడ ఆగాలి. గ్లాస్ పోగులను సానపడితే పోయేది రెక్క బలమే.

ఎండ ఎపాక్సీని పాడుచేస్తుంది కాబట్టి ప్రైమర్, రంగు తప్పనిసరి. రంగు తెలుపే ఉండాలి. ముదురు రంగు ఎండలో ఎంతగా వేడెక్కుతుందంటే, గది వేడికి గట్టిపడిన ఎపాక్సీ మెత్తబడటం మొదలయ్యే స్థాయికి దగ్గరవుతుంది.

విమానాన్ని తిప్పే కదిలే పలకలైన ఎలెరాన్లు, ఎలివేటర్లు, రడ్డర్‌లకు రంగు వేశాక మళ్లీ బ్యాలెన్సు చూడాలి. హింజ్ వెనక చేరిన రంగు బరువు గాల్లో ఫ్లట్టర్‌కు (అదుపు తప్పిన కంపనానికి) దారితీస్తుంది, ఫ్లట్టర్ రెక్కను సెకన్లలో చీల్చగలదు. డ్రాయింగు పరిమితికి వెలుపల ఉంటే ఆ రంగు తీసి మళ్లీ పలుచగా వేయండి.

చివరి తూకం చెక్‌లిస్ట్:

- విమానం ఎగిరే భంగిమలో సమతలంగా ఉందా? మూడు చక్రాల కిందా మూడు కాటాలు ఒకే మట్టంలో ఉన్నాయా?
- ఇంజిన్ ఆయిల్, సీట్లు, కవర్లు, పరికరాలు అన్నీ చోటులో ఉన్నాయా? ఇంధనం ఎంత ఉందో రాశారా?
- ప్రతి చక్రం నుంచి డ్రాయింగులోని ఆధార బిందువుకు దూరాన్ని తూకం గుండుతో నేల మీదికి దించి కొలిచారా?
- ఒంటరి పైలట్, ఇద్దరు, నిండు ట్యాంకు, ఖాళీ ట్యాంకు: ఈ అన్ని కలయికల్లోనూ గురుత్వ కేంద్రం పరిమితుల లోపలే ఉందా?

కేంద్రం వెనక పరిమితి దాటితే కోలుకోలేని స్టాల్ (రెక్క ఎత్తే శక్తి కోల్పోవడం) రావచ్చు. ముక్కులో సీసం చేర్చాల్సి వస్తే దాన్ని డిజైనర్ చూపిన చోటే బోల్టులతో బిగించి, మూడు కాటాల మీదా మళ్లీ తూచి, కొత్త అంకెలను తేదీ వేసి డైరీలో రాసి, పాతవాటిని గీతతో కొట్టేయండి.